సీసాలో నీళ్ళు మాట్లాడని రోజు

ముందే ఒక మాట చెప్పాలి. నా రాత బాగుండదు. కోడి గీకినట్టు ఉంటుంది. ఏ అక్షరానికి ఒత్తు పెట్టాలో, దేనికి పెట్టకూడదో నాకు సగం తెలియదు. సరిహద్దు అవతల చర్లలో అమ్మమ్మ దగ్గర ఉండి నాలుగో తరగతి దాకా తెలుగు బడికి పోయాను. ఆ తర్వాత పామేడు వైపు మా ఊరికి తిరిగి వచ్చేశాను. అప్పటి నుంచి నేను రాసిందల్లా నా సంతకం, ఆస్పత్రి కాగితాల మీద హిందీలో మంచం నంబరు. అంతే. నేను పనిచేసిన వార్డులో కొత్తగా చేరిన చిన్న సిస్టరు, "అమ్మా, ఆ ట్యాంకు సంగతి నోటితో చెప్పి వదిలేస్తే ఎట్లా, రాసి పెట్టండి, ఈ పనికి వచ్చే పిల్లలు చదువుకుంటారు" అని ఒక నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది. మూడు నెలలు దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూస్తూ తిరిగాను. ఇవాళ కూర్చున్నాను. రాసింది నచ్చకపోతే నన్నే అనండి, పాపం ఆ పిల్లను అనకండి.

నేను బస్తరులో ఒక ఆస్పత్రిలో ఆయాగా పనిచేసి, వయసు అయిపోయి దిగిపోయాను. ఏ ఆస్పత్రో, ఏ ఊరో చెప్పను. మనుషుల పేర్లు కూడా చెప్పను. వాళ్ళలో కొందరు ఇంకా ఆ పనిలోనే ఉన్నారు.

మొదట్లో నాది వార్డు పని. మంచాలు తుడవడం, రోగుల్ని తిప్పడం, ట్రాలీ తొయ్యడం. నాకు తెలుగు వచ్చు, హిందీ వచ్చు, గోండి వచ్చు, దోర్లీ అర్థమవుతుంది. అందుకని డాక్టర్లు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళతో మాట్లాడాలంటే నన్ను పిలిచేవాళ్ళు. ఆస్పత్రికి ట్యాంకు వచ్చినప్పుడు లోపల రోగి పక్కన కూర్చునే పనికి నన్ను పెట్టింది కూడా అందుకే.

ట్యాంకు అంటే నీళ్ళ ట్యాంకు కాదు. పెద్ద ఇనుప డబ్బా, పొడుగ్గా పడుకోబెట్టినట్టు ఉంటుంది. లోపల ఒక మంచం, నాలుగు కుర్చీలు పడతాయి. పక్కలకు అన్నం పళ్ళెమంత గుండ్రటి కిటికీలు. తలుపు బిగించి లోపలికి గాలి నింపుతారు. ఒక తాటిచెట్టు నిలువు లోతు నీళ్ళలో మునిగితే మనిషి మీద ఎంత బరువు పడుతుందో, అంత బరువు ఆ గాలితోనే వస్తుంది. అప్పుడు రోగి ముఖానికి మాస్కు పెట్టి ఆక్సిజన్ పీల్పిస్తారు. మామూలుగా చేరని చోటికి, కుళ్ళుతున్న పుండు అంచుల దాకా అది పోతుందని మా డాక్టరమ్మ చెప్పేది. షుగరు పుండ్లవాళ్ళు, కాళ్ళు నలిగినవాళ్ళు, మూసిన గదిలో కుంపటి పొగకు పడిపోయినవాళ్ళు వచ్చేవాళ్ళు.

బయట మీటర్ల దగ్గర కూర్చుని గాలి నింపే ఆపరేటరు సారుది విశాఖపట్నం వైపు. వయసులో ఉండగా సముద్రంలో మునిగే వాళ్ళ దగ్గర పనిచేశాడట. అందుకే గాలి నింపడాన్ని దిగడం అనేవాడు, గాలి తీయడాన్ని ఎక్కడం అనేవాడు. స్పీకరులో "దిగుతున్నామండోయ్" అంటే నాకు నిజంగానే కాళ్ళ కింద నేల జారినట్టు ఉండేది.

ఆ లోపలి సంగతి ఎలా చెప్పాలో తెలియడం లేదు. దిగేటప్పుడు వేడెక్కుతుంది. చెవులు మూసుకుపోతాయి, గుటక మింగితే టప్పున తెరుచుకుంటాయి. మన గొంతు మనది కానట్టు, వెనక ఇంకెవరో ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. తర్వాత గంటన్నర ఏ పనీ ఉండదు. గాలి సన్నగా పారుతూ ఉంటుంది, ఎండాకాలంలో వాగు ఇసుక కింద పారినట్టు. కిటికీల వెలుగు గుండ్రంగా నేల మీద పడి కొంచెం కొంచెం జరుగుతుంది. అందరూ నిద్రపోతారు. లేచి కలలు చెప్తారు. ఒకాయన చనిపోయిన తన ఎద్దును కలలో చూసి, అది తనను గుర్తుపట్టలేదని బాధపడ్డాడు. ఒక ముసలమ్మ కళ్ళు తెరిచి, "ఇప్పుడు ఏ ఊరి కిందికి వచ్చినం బిడ్డా?" అని అడిగింది.

"గీదం కిందికి" అన్నాను.

"గందుకే. ఇంతసేపూ సంత సప్పుడు ఇనబడ్డది" అంది.

ఎక్కేటప్పుడు ఇంకో వింత. గాలి తీస్తుంటే లోపల చల్లబడి మంచు కమ్ముతుంది. నిజం మంచే. బయట రోడ్డు మీద తారు కరిగే ఎండ ఉన్నా సరే, లోపల పుష్యమాసం తెల్లవారుజాము. పక్క మనిషి ముఖం మసక అవుతుంది. నాకు ఆ మంచంటే చాలా ఇష్టంగా ఉండేది. చిన్నప్పుడు అమ్మతో ఇప్పపూలు ఏరడానికి పోయినట్టు ఉండేది. ఇష్టమైన దాన్ని జాగ్రత్తగా చూడం. అది తర్వాత తెలిసింది.

ఎక్కేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆపరేటరు సారు మొదటి వారంలోనే నాకు చూపించాడు. ఖాళీ నీళ్ళ సీసా ఒకటి నా చేతికిచ్చి, కిందికి దిగాక మూత బిగించమన్నాడు. పైకి వస్తుంటే సీసా కడుపు ఉబ్బింది, ఉబ్బింది, బొక్కెనలా అయ్యి టిక్కుటిక్కుమంది. మూత తీస్తే బుస్సుమని గాలి పోయింది.

"సూసారా అమ్మగారూ? కింద నింపిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపు సోటు అడుగుద్ది. దారి ఇవ్వకపోతే దారి సేసుకుంటాది. ఊపిరితిత్తీ అంతేనండి" అన్నాడు.

నేను నవ్వాను. సీసా బలే ఉబ్బిందని నవ్వాను.

ఊపిరి బిగబట్టవద్దని చెప్తే రోగులు భయపడి ఇంకా బిగబడతారు. అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎక్కడం మొదలవగానే పాట పాడమనేదాన్ని. ఏ పాటైనా సరే. పాడేవాడు ఊపిరి బిగబట్టలేడు. కోతల పాటలు, పెళ్ళి పాటలు, భజనలు, ఒక టీచరమ్మైతే ఎక్కాలు. ఆ మంచులో ఎవరు పాడుతున్నారో కనిపించదు, పాట మాత్రం వినిపిస్తుంది. బయట కూర్చున్న ఆపరేటరు సారు స్పీకరులో విని, "ఇవాళ కచేరీ బాగోలేదండి" అనేవాడు.

ఇక ఆ మనిషి సంగతి.

పామేడు వైపు నుంచి వచ్చాడు. జీలుగు చెట్టు ఎక్కి కల్లు గీసేవాడు. మార్చి నెలలో చెట్టు మీంచి రాళ్ళ మీద పడ్డాడు. పిక్క దగ్గర ఎముక విరిగి బయటికి వచ్చి, మట్టిలో దిగబడింది. పక్కటెముకలు మూడు విరిగాయి. మంచం మీద మోసుకుని, తర్వాత ట్రాక్టరులో, బీజాపూర్ నుంచి బండిలో, మా దగ్గరికి తెచ్చేసరికి రెండు రోజులు దాటింది. కాలు నల్లబడి, నొక్కితే లోపల చిటచిటమంటోంది. ఆపరేషను చేసి చెడ్డ కండ తీసేశారు. నలుపు మోకాలు దాటితే కాలు తీసేయాలన్నారు. దాన్ని ఆపడానికి మందులతో పాటు ట్యాంకు కూడా కావాలన్నారు.

కానీ విరిగిన పక్కటెముక గుచ్చుకుని ఊపిరితిత్తికి చిల్లి పడింది. ఆ చిల్లిలోంచి కారిన గాలి రొమ్ములో చేరి ఊపిరితిత్తిని అణిచేస్తుంది. ఆ గాలి పోవడానికి పక్కలోంచి గొట్టం పెట్టి, దాని కొసను కింద సీసాలో నీళ్ళలో ముంచారు. గాలి బుడగలుగా బయటికి వస్తుంది, తిరిగి లోపలికి పోలేదు. ఊపిరి తీసినప్పుడల్లా గొట్టంలో నీళ్ళు బెత్తెడు పైకి లేచి, మళ్ళీ దిగుతాయి.

"గొట్టం లేకుండా అయితే ఈ మనిషిని ట్యాంకు గడప కూడా దాటనివ్వను" అంది డాక్టరమ్మ హిందీలో. "లోపల చిల్లిలోంచి గాలి కారుతూనే ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు అది ఉబ్బుతుంది. పోవడానికి ఆ గొట్టం ఒక్కటే దారి. దీదీ, ఆ దారి నీ చేతిలో ఉంటుంది."

"జీ" అన్నాను. వార్డులో గొట్టాల సీసాలు నేను ఎన్ని మోశానో. నాకు పాత పెద్ద సిస్టరు నేర్పిన పాఠం ఒకటుంది. సీసా ఎప్పుడూ రొమ్ము కంటే కింద ఉండాలి. ఎత్తాల్సి వస్తే ముందు గొట్టానికి క్లాంపు బిగించు, లేకపోతే సీసాలో నీళ్ళు రొమ్ములోకి పోతాయి. ఆ క్లాంపు కత్తెరలా ఉంటుంది, కానీ కొయ్యదు, నొక్కి పట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా బిగించడం మరవలేదని నాకు గర్వం. మా ట్యాంకు గడప మోకాలెత్తు ఉంటుంది. రోగితో పాటు సీసాను దాని మీదుగా ఎత్తాలి. కాబట్టి గడప ముందు బిగించాలి, లోపల సీసా నేల మీద పెట్టాక తీయాలి, నీళ్ళు రెండుసార్లు లేచి దిగడం చూడాలి, అప్పుడు బయటికి చెయ్యి చూపాలి. ఇంతే పని.

అతని భార్య వయసులో చిన్నది. మొదటి రోజు నుంచి మంచం దగ్గర కాదు, సీసా దగ్గర కూర్చుంది. నేల మీద గొంతుకూర్చుని ఆ బుడగల్నే చూసేది.

"ఏంది చెల్లె, టీవీ చూసినట్టు చూస్తున్నవ్?" అన్నాను.

"నీళ్ళు మాట్లాడుతున్నయ్ అక్కా. ఈయన రాత్రంత మూలుగుడే, మాట లేదు. ఈయన బదులు ఇవి మాట్లాడుతున్నయ్."

నర్సులు నవ్వారు. నాలుగు రోజులకు బుడగలు తగ్గాయి. ఆమె భయపడి నా కొంగు పట్టుకుంది.

"తగ్గుడు మంచిదే. చిల్లి పూడుతున్నట్టు" అని డాక్టరమ్మ మాట చెప్పాను.

"మరి గా ఊగుడు?"

"ఊగుడు ఉంటది. ఊపిరి ఉన్నన్ని రోజులు, గొట్టం తెరిచి ఉన్నన్ని రోజులు ఊగుతనే ఉంటది."

నేనే చెప్పాను ఆ మాట. ఆమె దాన్ని పట్టుకుంది. నేను చెప్పి వదిలేశాను.

మొదటి మూడుసార్లు బాగానే దిగాం, బాగానే ఎక్కాం. అతను లోపల నిద్రపోయి జీలుగు చెట్లను కలగనేవాడు. కలలో చెట్టు ఎక్కుతూనే ఉంటాడట, గెల మాత్రం రాదట. ఎక్కేటప్పుడు వాళ్ళ ఊరి పాట ఒకటి సన్నగా పాడేవాడు. నాకు సగమే అర్థమయ్యేది. భార్య కిటికీ బయట నిలబడి లోపలి సీసాను చూసేది. నలుపు మోకాలి కింద ఆగింది. డాక్టరమ్మ ముఖంలో వెలుగు వచ్చింది.

నాలుగోసారి దిగిన రోజు, పొద్దున పదింటికి.

ఆ రోజు ఏ క్షణంలో మరిచానో ఇప్పటికీ వెతుకుతూ ఉంటాను. గడప ముందు క్లాంపు బిగించాను. అది గుర్తుంది, చేతికి దాని చల్లదనం కూడా గుర్తుంది. సీసా ఎత్తాను, లోపల పెట్టాను. అతను వణుకుతున్నాడు. నూలు దుప్పటి తీసి మెడ దాకా కప్పాను. దుప్పటి గొట్టం మీద పడింది, క్లాంపు మీద కూడా పడి ఉంటుంది. అతను ఏదో అన్నాడు, తమ చెట్ల కింద ఇప్పపూలు రాలుతుంటాయని, ఏరేవాళ్ళు లేరని. నేను మా అమ్మ సంగతి చెప్పాను. తెల్లవారకముందే బుట్ట పట్టుకుని ఎలా పోయేవాళ్ళమో చెప్పాను. చెప్తూ చెప్తూ మాస్కు పెట్టాను. తలుపు మూసుకుంది.

"సీసా సూసారా అమ్మగారూ?" అని స్పీకరులో అడిగాడు.

"చూశాను" అన్నాను.

అబద్ధం కాదు. సీసా చూశాను. నిలబడి ఉంది, నీళ్ళు ఉన్నాయి, బుడగలు లేవు. బుడగలు లేవని సంతోషం కూడా వేసింది.

దిగాం. వేడెక్కింది. గాలి పారుతోంది. అతను నిద్రపోయాడు. నాకూ రెప్పలు బరువెక్కాయి. నేల మీద గుండ్రటి వెలుగు మెల్లగా జరుగుతోంది, ఇప్పచెట్టు కింద నీడ జరిగినట్టు. ఎంతసేపటికో కిటికీ మీద చప్పుడైంది. అతని భార్య. వేలితో సీసాను చూపించింది. అరచెయ్యిని పైకీ కిందికీ ఊపి, ఊపి, గాలిలో ఆపేసింది. ఊగడం లేదు అని.

నాకు ఆమె చెయ్యి కనిపించింది. చెప్పింది కూడా అర్థమైంది. అర్థమైంది అనుకున్నాను. బుడగలు ఆగాయని భయపడుతోంది, పిచ్చిది, మంచిదని ఎన్నిసార్లు చెప్పాను అనుకున్నాను. నవ్వాను. బాగుంది, కూర్చో అని చెయ్యి ఊపాను.

ఆమె ఆపరేటరు సారు దగ్గరికి పోయింది. ఏం చెప్పిందో ఆయన తర్వాత చెప్పాడు: "నీళ్ళు సచ్చిపోనాయి అంటాదండి. నాను, కూకోమ్మా, లోన ఆయమ్మ ఉంది కదా అన్నాను." నేను ఉన్నానని ఆయన ధైర్యం. అద్దానికి ఇవతల నేను చెయ్యి ఊపుతున్నాను.

గంటన్నర అయ్యాక "ఎక్కుతున్నామండోయ్" అన్నాడు. చల్లగాలి తగిలింది. మంచు కమ్మింది. "పాడు అన్నా" అన్నాను. అతను నిద్రలోంచి వచ్చి మెల్లగా ఎత్తుకున్నాడు. మొదటి చరణం. రెండో చరణం. నేను గోడకు తల ఆనించి వింటున్నాను. మూడో చరణం సగంలో పాట ఆగిపోయింది.

మళ్ళీ నిద్రపోయాడు అనుకున్నాను. ఎంతసేపు అనుకున్నానో తెలియదు. పది లెక్కపెట్టేంతసేపు ఉండొచ్చు. ఆ పది నేను ఇప్పటికీ లెక్కపెడుతుంటాను.

అప్పుడు అద్దం మీద రెండు చేతుల దెబ్బలు. ఒకదాని మీద ఒకటి, డప్పు కొట్టినట్టు. మంచులో ఆమె ముఖం కనబడటం లేదు, రెండు అరచేతులే కనబడుతున్నాయి. నేను లేచి అతని ముఖం మీదికి వంగాను. కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తున్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. పెదాలు నేరేడు పండు రంగు. నోరు తెరుస్తున్నాడు, గాలి పోవడం లేదు. రొమ్ము ఒక పక్క ఉబ్బి కదలకుండా ఉంది.

మూత బిగించిన సీసా గుర్తొచ్చింది.

"ఆపండి" అన్నాను. "ఆపండి సార్, కిందికి తీసుకోండి."

ఆ మనిషి ఎందుకని అడగలేదు. ఆ క్షణానికే ఎక్కడం ఆగి గాలి మళ్ళీ లోపలికి రావడం వినబడింది. ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉన్నది ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు. స్పీకరులో డాక్టరమ్మ గొంతు వచ్చింది.

"దీదీ, క్లాంప్ ఖోలా?" క్లాంపు తీశావా అని.

నేను మోకాళ్ళ మీద పడ్డాను. సీసా కనబడటం లేదు. అతని పక్కలో గొట్టం ఎక్కడ దిగిందో అక్కడ చెయ్యి పెట్టి, దుప్పటి కింద గొట్టం వెంబడి తడుముకుంటూ వచ్చాను. జానెడు. ఇంకో జానెడు. చల్లగా ఇనుము తగిలింది.

తీశాను. సీసాలో నీళ్ళు పొయ్యి మీద అన్నం కుండలా కుతకుతలాడాయి. అంత గాలి ఒక మనిషి రొమ్ములో ఎలా పట్టిందో. బుడగలు, బుడగలు, ఆగకుండా బుడగలు. అతను ఒక ఊపిరి లోపలికి లాగాడు. మేకపిల్ల అరిచినట్టు చప్పుడు వచ్చింది. ఇంకోటి లాగాడు. గొట్టంలో నీళ్ళు పైకి లేచాయి, దిగాయి.

ట్యాంకుకు ఆనుకుని ఒక చిన్న గది ఉంటుంది, డాక్టరమ్మ అందులో గాలిని మా గాలితో సమానం చేసుకుని లోపలికి వచ్చేసరికి అతని పెదాలకు రంగు వచ్చింది. నేను గొట్టం పట్టుకునే కూర్చున్నాను. మళ్ళీ పైకి ఎక్కడానికి గంట పట్టింది, అంత మెల్లగా తెచ్చారు. ఆ గంటలో ఎవరూ పాడలేదు. సీసాయే మాట్లాడింది.

బయటికి వచ్చాక ఆపరేటరు సారు నన్ను పక్కకు పిలిచాడు.

"మంచులో ఎవరికి ఏటి కనబడుద్దమ్మా. గొట్టం మడత పడిపోనాదని రాసేద్దాం. ఇంకో ఏడాదిలో దిగిపోతారు, ఎందుకొచ్చిన గొడవ, ఒగ్గేయండి."

మంచి మనసుతోనే అన్నాడు. నాకూ ఆశ కలిగింది, లేదనను. కానీ డాక్టరమ్మ లోపల అడిగిన ప్రశ్నకు నేను ఇంకా జవాబు చెప్పలేదు. పోయి చెప్పాను. "తీయలేదు. మరిచిపోయాను. ఆమె చూపిస్తే కూడా చూడలేదు."

డాక్టరమ్మ కాగితం దగ్గరికి లాక్కుంది. "నేను కూడా బుడగలు తగ్గాయని సంతోషపడి పంపాను" అని, జరిగింది జరిగినట్టు రాసింది. నన్ను ట్యాంకు నుంచి తీసి బట్టలు మడిచే గదికి పంపించారు.

సాయంత్రం వార్డుకు పోయాను. ఆమె సీసా దగ్గరే ఉంది. ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. గోండిలో కొంత, తెలుగులో కొంత. ఆమె సీసా మీంచి చూపు తిప్పలేదు.

"మరిచిపోయినవని కోపం లేదక్కా. మనిషన్నంక మరుస్తరు. నేను కొడితే నువ్వు నవ్వినవ్. గదే" అంది.

నేనూ ఆమె పక్కకు జరిగి ఆ నీళ్ళనే చూశాను.

మంచం మీంచి అతను మెల్లగా అన్నాడు. పడ్డప్పటి నుంచి అంత పొడుగు మాట అతని నోట వినలేదు. "కల్లుగీసే కత్తి మేం చేతిల పట్టుకోమక్కా. తాడేసి నడుముకు కట్టుకుంటం. చేతిలున్నది చెట్టు మీద మరిచిపోతం. కట్టుకున్నది దిగేటప్పుడు తగులుతది."

"పడ్డ రోజు కత్తి మరిచినవా?" అన్నాను.

"కత్తి మరవలే. కాలే మరిచిన."

భార్య ముఖం తిప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వీపు చూసి చెప్పలేకపోయాను.

మర్నాడు, ఆ మర్నాడు వేరే మగ నర్సు లోపలికి పోయాడు. మంచివాడే, హిందీ తప్ప ఏదీ రాదు. రోగి ఎక్కేటప్పుడు నోరు విప్పడం లేదని, బిగుసుకుపోతున్నాడని ఆపరేటరు సారు చెప్పాడు. ఇంకా చాలాసార్లు దిగాల్సి ఉంది. లోపలికి ఎవరు పోతే నయమని డాక్టరమ్మ అతని భార్యను అడిగింది. మధ్యలో మాటలు చెప్పాల్సింది నేనే. నా గురించి నేనే అడగాల్సి వచ్చింది. ఆపరేటరు సారు నేల చూశాడు.

"అక్కనే పోవాలె" అంది ఆమె. "పోయినంక నేను కొడితే సూడాలె."

తర్వాత తన పాత నూలు చీర అంచు సన్నగా చింపింది. ఎర్ర అంచు. దాన్ని క్లాంపు పిడికి ముడేసి, రెండో కొస నా మణికట్టుకు కట్టింది. క్లాంపు గొట్టం మీద ఉన్నంతసేపు నేను ఆ గొట్టం నుంచి మూరెడు దూరం కూడా పోలేను. పోతే లాగుతుంది. క్లాంపు తీస్తేనే నా చెయ్యి నాకు వస్తుంది. డాక్టరమ్మ చూసి, వేడినీళ్ళలో ఉడకబెట్టి కట్టుకో దీదీ, అంది. అంతే అంది.

ఆ తర్వాత దిగిన ప్రతిసారీ నా చెయ్యి లాగింది. నేను తీశాను. నీళ్ళు లేచి దిగడం చూశాను. కిటికీ వైపు తిరిగాను. ఆమె కూడా చూసి తల ఊపాకే బయటికి చెయ్యి చూపాను. మంచు కమ్మేటప్పుడు సీసాను ఒడి పక్కన పెట్టుకుని గొట్టం వేళ్ళతో పట్టుకుని కూర్చునేదాన్ని. అతను పాడేవాడు. నీళ్ళు వేళ్ళ కింద ఆ పాటకు తగ్గట్టు ఆడేవి.

కాలు నిలిచింది. రెండు వేళ్ళు పోయాయి. గొట్టం తీసిన రోజు ఖాళీ సీసాను ఆమె చేతిలోకి తీసుకుని, లోపలికి చూసి, నాకిచ్చేసింది. ఇద్దరూ బీజాపూర్ బస్సు ఎక్కారు. అతను కర్రతో ఎక్కాడు. ఇక జీలుగు చెట్టు ఎక్కుతాడని నేను అనుకోవడం లేదు. ఆమె ఎక్కనిచ్చే మనిషి కాదు.

నేను దిగిపోయేదాకా ట్యాంకు పని చేశాను. నా తర్వాత వచ్చిన పిల్లలకు తాడు కట్టడం నేర్పాను. కొందరు, ఏంటిది మేకలకు కట్టినట్టు అని నవ్వారు. నవ్వనిచ్చాను, కట్టాను. ఇప్పుడు సీసా బదులు చిన్న వాల్వు ఏదో వచ్చిందని చిన్న సిస్టరు అంటోంది. ఏం వచ్చినా మరిచిపోయే చెయ్యి అదే కదా. ఆ ఎర్ర అంచు నా దగ్గరే ఉంది. రంగు పోయింది.

ఒక్కోసారి కలలో ఇంకా దిగుతుంటాను. గుండ్రటి వెలుగు నేల మీద జరుగుతుంటుంది. ఎవరో పాడుతుంటారు. కల హాయిగానే ఉంటుంది. పాట ఆగకముందే మెలకువ వచ్చేస్తుంది.

ఇంతే నేను రాయగలిగింది. చాలాచోట్ల తప్పు రాసి ఉంటాను, ముందు చెప్పాల్సింది వెనక చెప్పి ఉంటాను. చదువు లేనిదాన్ని, క్షమించండి. తప్పు కనబడితే మాత్రం ఊరుకోకండి. అద్దం మీద తట్టినట్టు గట్టిగా తట్టండి. ఈసారి నవ్వి చెయ్యి ఊపను. వచ్చి చూస్తాను.